అదే చెరువు, అదే మెట్టు, అదే వేళ

డిగ్రీ, పీజీ చదివే పిల్లలు ఈ మధ్య తరచుగా ఒక మాట అడుగుతున్నారు. "వాతావరణ మార్పు మీద పరిశోధన చెయ్యాలని ఉంది. ఎక్కడికి వెళ్ళాలి?" అని. హిమాలయాలకు వెళ్ళాలా, విదేశాలకు వెళ్ళాలా అని వాళ్ళ సందేహం. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. సికింద్రాబాద్ దాటి వెళ్ళక్కర్లేదు. మీ ఇంటి దగ్గర చెరువు ఉంది కదా, అక్కడికి వెళ్ళండి.

సఫిల్‌గూడ చెరువు ఉంది. రామకృష్ణాపురం చెరువు ఉంది. హస్మత్‌పేట చెరువు ఉంది. అల్వాల్‌లో చెరువులున్నాయి. రెండు నగరాల మధ్య హుస్సేన్ సాగర్ ఉండనే ఉంది. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, 1560ల్లో తవ్వించిన చెరువు అది. సికింద్రాబాద్ ఊరు పుట్టడానికి రెండు వందల ఏళ్ళకు పైగా ముందే ఆ నీళ్ళు అక్కడున్నాయి.

ఈ పూట మీకు ఒక్క సంగతే చెబుతాను. అదే చెరువుకు, అదే మెట్టు దగ్గరికి, అదే వేళకు, వారం వారం వెళ్ళి నీటిని కొలవండి. ఏళ్ళ తరబడి కొలవండి. మన మంచినీటి చెరువుల మీద ఎండల ప్రభావం ఎంతో తెలియాలంటే ముందు కావలసింది ఇదే.

ఎందుకో చెబుతాను. దానికి మనం ఒకసారి వంటింట్లోకి వెళ్ళాలి.

పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు పెట్టండి. మరగడానికి ఇంకా చాలా సేపు ఉండగానే, గిన్నె అంచులకు, అడుగుకు సన్నటి బుడగలు పట్టుకుంటాయి. రోజూ చూసేవే. అవి ఆవిరి బుడగలు కావు. నీళ్ళలో కరిగి ఉన్న గాలి, వేడి తగిలేసరికి నిలవలేక బయటికి వస్తోంది. చల్లటి నీళ్ళు గాలిని ఎక్కువగా పట్టి ఉంచుతాయి. వేడెక్కిన కొద్దీ వదిలేస్తాయి.

చెరువులో జరిగేది కూడా అదే. నీళ్ళు 20 డిగ్రీల దగ్గర ఉంటే లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు. 30 డిగ్రీలకు వస్తే అది ఏడున్నరకు పడిపోతుంది. 35కి వస్తే ఏడు మాత్రమే. తేడా రెండు మిల్లీగ్రాములే కదా అనిపిస్తుంది. కానీ చేప ఊపిరి ఆ రెండు మిల్లీగ్రాముల్లోనే ఉంది. పైగా నీళ్ళు వేడెక్కితే చేప ఒంట్లో పని పెరుగుతుంది. దానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. కావలసింది పెరుగుతుంది, దొరికేది తగ్గుతుంది. ఇంకోసారి చెబుతున్నాను. వేడి నీళ్ళలో చేపకు ఎక్కువ ఊపిరి కావాలి, ఆ నీళ్ళలోనే ఊపిరి తక్కువ.

ఇక తెల్లవారుజాము సంగతి. పగలు ఎండ ఉన్నంతసేపూ నీళ్ళలోని నాచు ఆక్సిజన్ తయారు చేస్తుంది. చీకటి పడితే ఆ పని ఆగిపోతుంది. రాత్రంతా నాచు, చేపలు, అడుగున కుళ్ళే చెత్త, అన్నీ ఆక్సిజన్‌ను వాడుకునేవే. అందుకే సూర్యుడు రాకముందు చెరువులో ఆక్సిజన్ బాగా తక్కువగా ఉంటుంది. ముందురోజు మబ్బు పట్టి ఉంటే ఇంకా తక్కువ. అలాంటి పొద్దున చెరువు గట్టు మీద నిలబడి చూడండి. చేపలు పైకి వచ్చి, నీటి అంచున నోళ్ళు తెరిచి మూస్తుంటాయి. మన గంగపుత్రులను, ముదిరాజులను అడగండి. ఆ గుర్తు వాళ్ళకు ఏ పుస్తకమూ నేర్పక్కర్లేదు. ఆ పూట వాళ్ళ గుండె దడదడలాడుతుంది. పొద్దెక్కేసరికి చచ్చిన చేపలు తేలితే, ఏడాది కష్టం పోయినట్టే.

అన్ని చేపలూ ఒకేలా చావవు. పరిశోధన చేసేవాళ్ళు ఇక్కడ చెవి పెట్టాలి. బొచ్చె, రవ్వ మొప్పలతోనే బతుకుతాయి. నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే వాటికి వేరే దారి లేదు. కొర్రమీను అలా కాదు. మన వైపు కొర్రమట్ట అంటారు, తెలంగాణ రాష్ట్ర చేప అదే. మృగశిర కార్తె నాడు చేప ప్రసాదంలో నోట్లో వేసేది కూడా దాని పిల్లనే. ఈ కొర్రమీను పైకి వచ్చి బయటి గాలినే పీల్చుకోగలదు. అంటే ఎండలు ముదిరి, నీళ్ళు వేడెక్కే కొద్దీ చెరువులో కొన్ని చేపలు మిగిలి, కొన్ని తగ్గే అవకాశం ఉంది. మోండా మార్కెట్ బండ మీదికి వచ్చే చేపల రకమే మారవచ్చు. నిజంగా మారుతోందా? ఏ చెరువులో, ఎంత? జవాబు చెప్పాలంటే ఎవరో ఒకరు కొలవాలి. ఊహతో చెబితే చాలదు.

కార్తెల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మృగశిరలో, ఆరుద్రలో కొత్త నీళ్ళు వస్తాయి. ఆ ఎర్ర నీళ్ళు చూసే ఎన్నో చేపలు గుడ్లు పెట్టడానికి ఎదురెక్కుతాయి. వాన ఆలస్యమైతే? నెల రోజులు రాక, తర్వాత ఒక్క రాత్రిలో కుండపోతగా కురిస్తే? 2000 ఆగస్టులో, 2020 అక్టోబరులో ఈ నగరం అలాంటి వానలు చూసింది. మనకు గుర్తున్నది నీట మునిగిన కాలనీలు, కొట్టుకుపోయిన కార్లు. మరి చెరువులో బతికే వాటికి ఆ రాత్రి ఏమైంది? గుడ్లు నిలిచాయా, మత్తడి దూకి పోయాయా? అలాంటి రాత్రికి ముందు వారం, తర్వాతి వారం కొలిచిన లెక్క ఉంటేనే ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలం.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. రాకపోతే నేనే లేవనెత్తుతాను. "మా చెరువులో చేపలు చస్తున్నది ఎండకు కాదు, మురుగునీటికి" అని మీరు అనవచ్చు. నూటికి నూరు పాళ్ళూ న్యాయమైన మాట. నగరం చెరువుల్లోకి డ్రైనేజీ వస్తోంది. దాంతో పాటు నాచుకు ఎరువు వస్తోంది. గుర్రపు డెక్క నీళ్ళను కప్పేస్తోంది. ఇన్నిటి మధ్య ఎండ వాటా ఎంత, మురుగు వాటా ఎంత అని తేల్చడం కష్టం. ఈ సబ్జెక్టులో అసలు చిక్కుముడి ఇదే. నా ఉద్దేశంలో సికింద్రాబాద్ పిల్లలకు దొరికిన మంచి పరిశోధన అంశం కూడా ఇదే. శుభ్రమైన సరస్సు పక్కన కూర్చుని వేడిని కొలవడం సులువు. వేడి, మురుగు, సిమెంటు కలిసి పడుతున్న నీళ్ళను విడదీసి చదవాలంటే మన ఊళ్ళోనే చదవాలి.

ఇంకో పెద్ద మార్పు ఉంది. పూర్వం మన చెరువుల్లో చాలావాటిలో ఎండాకాలంలో నీళ్ళు బాగా తగ్గిపోయేవి, కొన్ని పూర్తిగా ఎండేవి. శిఖంలో సాగు చేసేవారు. పూడిక ఎత్తి పొలాలకు తోలేవారు. చెరువు ఎండితే అందులోని ప్రాణం అంతా పోయినట్టు కాదు. డాఫ్నియా అని ఒక చిన్న జీవి ఉంది, రొయ్యకు దూరపు చుట్టం. నీళ్ళు తగ్గే కాలంలో అది గట్టి పెంకున్న గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు బురదలో ఎండి, ఏళ్ళ తరబడి అలాగే ఉండగలవు. వాన పడితే పొదుగుతాయి. చేపపిల్లకు మొదటి తిండి ఇలాంటి జీవులే. ఇప్పుడు నగరంలో కొన్ని చెరువులు మురుగునీటి వల్ల ఏడాదంతా నిండుగా ఉంటున్నాయి. ఎండడమే లేదు. మరోపక్క పల్లెల్లో మిషన్ కాకతీయ కింద 2015 నుంచి వేల చెరువుల్లో పూడిక తీశారు. నీళ్ళ నిల్వకు అది మంచిదే. ఆ మట్టితో పాటు ఆ గుడ్లు కూడా పొలానికి పోయాయా, చెరువులో సరిపడా మిగిలాయా? ఒక దోసెడు పూడిక మట్టి తెచ్చి, గాజు తొట్టిలో వేసి, నీళ్ళు పోసి, ఏమేం పొదుగుతాయో చూడండి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు సరిపోయే పని అది. ఖర్చు కూడా పెద్దగా లేదు.

మరి ఎండను, మురుగును విడదీయడం ఎలా? ఒక మార్గం చెబుతాను. రెండు చెరువులు ఎంచుకోండి. ఒకటి నగరంలోది, ఇంకొకటి శామీర్‌పేట దాటాక పల్లె చెరువు. లోతు, వైశాల్యం దగ్గరదగ్గరగా ఉండేవి చూసుకోండి. రెండింటి మీదా కాసే ఎండ, పడే వాన దాదాపు ఒకటే. మురుగు మాత్రం వేరు. రెండింటినీ ఒకేలా కొలిస్తే, రెండింటిలోనూ కలిసి మారేదాని వెనక వాతావరణం ఉందేమో చూడవచ్చు. ఒక్కదానిలోనే మారితే ఆ చెరువు చుట్టూ వెతకాలి. ఇది పూర్తి రుజువు కాదు, మొదలు మాత్రమే.

ఇంతకీ ఒకసారి కొలిస్తే ఎందుకు చాలదు? బీపీ ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఒక్కరోజు ఎక్కువ చూపిస్తే డాక్టరు గారు వెంటనే తేల్చి చెప్పరు. రోజూ ఒకే టైముకి, ఒకే కుర్చీలో కూర్చుని చూసుకుని, కాగితం మీద రాసుకుని రమ్మంటారు. చెరువుకు కూడా అలాంటి కాగితం కావాలి.

ప్రపంచంలో ఇలాంటి కాగితాన్ని గొప్పగా నిలిపినవాళ్ళు సైబీరియాలో ఉన్నారు. బైకాల్ సరస్సు మీద మిఖాయిల్ కొజోవ్ అనే శాస్త్రజ్ఞుడు 1940ల్లో కొలతలు మొదలుపెట్టారు. ఒకే చోట, వారం పది రోజులకొకసారి. ఆయన తర్వాత కూతురు ఓల్గా కొజోవా కొనసాగించారు. ఆమె తర్వాత మనుమరాలు ల్యుబోవ్ ఇజ్‌మెస్త్యేవా. చలికాలంలో సరస్సు గడ్డకట్టినా మానలేదు. 2008లో ఆ లెక్కలు అచ్చయ్యాయి. 1946 నుంచి అప్పటికి పై నీళ్ళు సుమారు 1.2 డిగ్రీలు వేడెక్కాయని తేలింది. అంత పెద్ద, అంత చల్లటి సరస్సు వేడెక్కుతోందని ఎవరూ అంత ధీమాగా చెప్పగలిగేవారు కాదు. ఒక కుటుంబం మూడు తరాలు రాసిపెట్టింది కాబట్టి చెప్పగలిగారు.

2021లో ఇంకో పెద్ద అధ్యయనం వచ్చింది. 393 సరస్సుల లెక్కలు కలిపి చూశారు. వాటిలో ఆక్సిజన్ తగ్గుతోందని తేల్చారు. పై నీళ్ళలో సుమారు ఐదున్నర శాతం, లోతు నీళ్ళలో 18 శాతానికి పైగా తగ్గిందని చెప్పారు. కానీ అవన్నీ సమశీతోష్ణ మండలపు సరస్సులు. చల్లటి దేశాలవి, ఎక్కువగా లోతైనవి. నిలువెత్తు లోతు కూడా లేని, 42 డిగ్రీల ఎండలో కాగే, వేసవికి కుంటలా మిగిలే మన చెరువు ఆ లెక్కలో లేదు. దాని సంగతి వాళ్ళు చెప్పలేరు. వాళ్ళ దగ్గర మన కాగితం లేదు.

మన దగ్గర మాత్రం పాత కాగితాలు కొన్ని ఉన్నాయి. ఈ సంగతి చాలామంది పిల్లలకు తెలియదు. అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను. ఉస్మానియా విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగంలో ఎ.ఆర్. జాఫర్ గారు హైదరాబాద్ చేపల కుంటల్లో నాచు మీద పనిచేశారు. 1964 నుంచి ఆ వ్యాసాలు హైడ్రోబయోలోజియా అనే అంతర్జాతీయ పత్రికలో వచ్చాయి. 1969లో అదే పత్రికలో వి. వెంకటేశ్వర్లు గారు మూసీ నది నాచు మీద, కాలుష్యం మీద రాశారు. 1970లో మొహియుద్దీన్ మునావర్ గారు హైదరాబాద్ కుంటల మీద వరుసగా వ్యాసాలు ప్రచురించారు. మునావర్ గారు తర్వాత కెనడా వెళ్ళి, అక్కడి మహా సరస్సుల మీద దశాబ్దాలు పరిశోధన చేశారు. ఆయన మొదట చెయ్యి తిరిగింది మన కుంటల దగ్గరే.

ఆ వ్యాసాల్లో నీటి వేడి ఉంది. ఆక్సిజన్ ఉంది. ఏ కాలంలో ఏ నాచు ఎక్కువగా వచ్చిందో ఉంది. యాభై, అరవై ఏళ్ళ కిందటి సంగతి. ఇప్పుడు ఎవరైనా ఆ వ్యాసాలు చేతపట్టుకుని, అవే కుంటలకు వెళ్ళి, అదే పద్ధతిలో కొలిస్తే? ఏవి మిగిలాయి, ఏవి కాలనీల కింద కలిసిపోయాయి అని వెతకడం మొదటి పని. మిగిలినవాటిలో అప్పటి నాచు ఇప్పుడు ఉందా, ఎండను ఓర్చుకునే కొత్త రకాలు వచ్చాయా అని చూడటం రెండో పని. పీహెచ్‌డీకి అంశం దొరకడం లేదనే పిల్లలారా, ఉస్మానియా లైబ్రరీకి వెళ్ళి ఆ పాత సంపుటాలు తీయించండి.

సికింద్రాబాద్‌కు ఈ చదువు కొత్త కూడా కాదు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశారు. ఆ దోమలను ఆయన నీళ్ళలోని పిల్లపురుగుల నుంచి పెంచుకున్నారు. దోమ సగం జీవితం మంచినీళ్ళలోనే కదా. నీళ్ళు వెచ్చబడితే ఒక హద్దు వరకు ఆ పిల్లపురుగు తొందరగా దోమ అవుతుంది. మన ఇళ్ళ మీది ట్యాంకుల్లో, డ్రమ్ముల్లో, చెరువు అంచుల్లో దోమల కాలం ముందుకు జరుగుతోందా, పొడుగు అవుతోందా అన్నది కూడా మంచినీటి పరిశోధనే. రాస్ పనిచేసిన ఊళ్ళో ఆ ప్రశ్న అడగడం మనకు తగిన పని.

సరే, పనిముట్లు ఏం కావాలి? భయపడకండి. ఒక థర్మామీటరు కావాలి. ఒక గుండ్రటి పళ్ళెం కావాలి, జానెడు వెడల్పుది. దాన్ని నాలుగు భాగాలు చేసి తెలుపు, నలుపు మార్చి మార్చి రంగు వేయండి. మధ్యలో తాడు కట్టి, కింద చిన్న బరువు కట్టి నీళ్ళలోకి దించండి. ఏ లోతు దగ్గర కళ్ళకు కనిపించకుండా పోయిందో ఆ కొలత రాయండి. నాచు పెరిగితే ఆ లోతు తగ్గుతుంది. 1865లో ఏంజెలో సెక్కీ అనే ఇటలీ పాదిరి మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు.

ఆక్సిజన్ కొలవడానికి డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబు చాలు. వింక్లర్ పద్ధతి అంటారు, 1888 నాటిది. గాలి బుడగ లోపలికి చేరకుండా గాజు సీసా నిండా చెరువు నీళ్ళు పట్టాలి. గట్టు మీదే రెండు మందులు చుక్కలు చుక్కలుగా వేసి మూత పెట్టి తిప్పాలి. ఆక్సిజన్ ఉంటే సీసాలో గోధుమ రంగు తెట్టె దిగుతుంది. ఆక్సిజన్ లేకపోతే తెల్లగానే ఉండిపోతుంది. తెల్లవారుజామున ఒక చెరువులో పట్టిన సీసా తెల్లగా మిగిలిందనుకోండి. ఆ చెరువు రాత్రి ఎలా గడిచిందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. మిగతా లెక్క ల్యాబులో ఆసిడ్, హైపో, గంజి వేసి తేల్చుకోవచ్చు. ఈ ప్రయోగాన్ని లెక్చరర్ పక్కన ఉండగానే చేయండి. చెరువు దగ్గరికి ఒక్కరే వెళ్ళకండి. నీళ్ళలోకి దిగకండి, మెట్టు మీద నుంచే కొలవండి.

పెద్ద చెరువులకు ఆకాశం నుంచి కూడా సాయం ఉంది. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు 1972 నుంచి ఉన్నాయి. ఇప్పుడు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. 1980ల నుంచి నేల, నీరు ఎంత వేడిగా ఉన్నాయో కూడా ఆ చిత్రాల్లో చదవవచ్చు. హుస్సేన్ సాగర్ లాంటి పెద్ద చెరువుకు ఇది పనికొస్తుంది. చిన్న కుంటకు పనికిరాదు, ఆ చిత్రంలో కుంట, పక్కనున్న బిల్డింగు కలిసిపోతాయి. చిన్న కుంటకు మనిషే వెళ్ళాలి.

దారి చూపేవాళ్ళు దగ్గర్లోనే ఉన్నారు. బాలానగర్‌లో నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉంది. ఉప్పల్‌లో ఎన్‌జీఆర్‌ఐ భూగర్భజలాల మీద పనిచేస్తుంది. జూలాజికల్ సర్వే వారి మంచినీటి జీవశాస్త్ర కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. సీసీఎంబీకి చెందిన లాకోన్స్‌లో, నీటి చుక్కలో వదిలిపోయిన డీఎన్‌ఏను బట్టి ఆ నీళ్ళలో ఏయే జీవులున్నాయో చెప్పే పద్ధతి మీద పని జరిగింది. బేగంపేట వాతావరణ కేంద్రంలో రోజువారీ ఎండ, వాన లెక్కలు ఉంటాయి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. డిగ్రీ, పీజీ పిల్లలకు మూడు సైన్సు అకాడమీలు కలిసి వేసవిలో రెండు నెలల ఫెలోషిప్ ఇస్తాయి. దాని ప్రకటన చలికాలం మొదట్లోనే వస్తుంది, కనిపెట్టుకుని ఉండండి. ఇంటర్వ్యూలో "ఏం చేశావు?" అని అడిగితే, ఏడాది పాటు ఒక చెరువును కొలిచిన నోటుబుక్కు చూపించిన పిల్ల మాటకు ఉండే బరువు వేరు. మార్కుల జాబితా అందరి దగ్గరా ఉంటుంది.

చదువు మానేసి చాలా ఏళ్ళయినవాళ్ళు కూడా వింటుంటారు. రోజూ పొద్దున చెరువు గట్టు మీద నడిచే పెద్దలున్నారు. రైల్వేలోనో, కంటోన్మెంట్‌లోనో పనిచేసి రిటైరైనవాళ్ళున్నారు. వేళ తప్పని అలవాటు మీకు ముందే ఉంది. థర్మామీటరు జేబులో పెట్టుకోండి. దగ్గర్లో ఉన్న కాలేజీ జువాలజీ లెక్చరర్‌ను కలిసి, "నేను కొలుస్తాను, మీ పిల్లలు లెక్క కట్టాలి" అనండి. పిల్లలు మూడేళ్ళకు డిగ్రీ అయిపోయి వెళ్ళిపోతారు. మీరు ఉంటారు. ఆ నోటుబుక్కు తెగిపోకుండా ఉండేది మీ వల్లే.

మొదటి రోజు ఏం రాయాలో చెప్పి సెలవు తీసుకుంటాను. తేదీ రాయండి. గడియారంలో టైము రాయండి. చెరువు పేరు, ఏ మెట్టు దగ్గర నిలబడ్డారో రాయండి. నీడలో గాలి వేడి రాయండి. నీళ్ళలో జానెడు లోతున థర్మామీటరు పెట్టి, రెండు నిమిషాలు ఆగి, ఆ వేడి రాయండి. పళ్ళెం కనుమరుగైన లోతు రాయండి. నీళ్ళు ఎన్నో మెట్టు దాకా ఉన్నాయో రాయండి. ముందురోజు మబ్బు ఉందా, వాన పడిందా రాయండి. చేపలు పైకి వచ్చాయా, నీళ్ళ రంగు ఏమిటి, గుర్రపు డెక్క ఎంత మేర ఉంది, కంటికి కనిపించింది కనిపించినట్టు రాయండి. కొలవలేకపోయిన వారం ఆ గడి ఖాళీగా వదిలేయండి, అంచనా వేసి నింపవద్దు. కింద మీ సంతకం పెట్టండి. వచ్చే వారం అదే రోజు, అదే వేళకు, అదే మెట్టు దగ్గరికి వెళ్ళండి.